సభకు వచ్చేవాళ్ల సమయం

అందరికీ నమస్కారం.

మన విశాఖలో ఇరవై ఏళ్లుగా కంపెనీల మీటింగులు, డీలర్ల సమావేశాలు ఏర్పాటు చేయడమే నా పని. మీలో చాలామంది ఆఫీసులో ఎప్పుడో ఒకప్పుడు "ఈసారి మీటింగ్ నువ్వు చూసుకో" అనిపించుకున్నవాళ్లే. ఆ మాట చెవిన పడగానే హాలు ఎక్కడ, భోజనాలు ఎవరికి అప్పజెప్పాలి అని పరుగు మొదలుపెడతాం. నేనూ చాలా ఏళ్లు అంతే. గాజువాకలో ఒక రోజు నా పద్ధతి మారింది.

అది ఒక రంగుల కంపెనీ డీలర్ల సమావేశం. 200 మంది వచ్చారు. శ్రీకాకుళం, పార్వతీపురం, నర్సీపట్నం వైపు నుంచి తెల్లవారకముందే బస్సులెక్కినవాళ్లు. పదింటికి మొదలవ్వాలి. ముఖ్య అతిథి వచ్చేసరికి పదకొండూ నలభై. ఆయన వచ్చేదాకా మొదలుపెట్టొద్దన్నారు, నేను సరేనన్నాను. ఆ సరే అనడం నా తప్పు. జ్యోతి ప్రజ్వలన, బొకేలు, శాలువాలు, ప్రసంగాలు అయ్యేసరికి రెండు దాటింది. భోజనాలయ్యాక డీలర్లు మాట్లాడాల్సిన సమయానికి సగం కుర్చీలు ఖాళీ. పాలకొండ నుంచి వచ్చిన ఒక పెద్దాయన సంచి భుజాన వేసుకుని మెట్ల దగ్గర నన్ను ఆపాడు. "బాబూ, ఇప్పుడు బస్సెక్కితేనే రాత్రి కూటి వేళకి ఇంటికి సేరతాను. బకెట్ల మూతలు కారిపోతన్నాయని సెప్దారని వొచ్చాను. ఎవరికి సెప్పాల?" నాకు నోట మాట రాలేదు. ఆ ఒక్క మాట కోసం ఆయన కొట్టు కట్టేసుకుని వచ్చాడు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. 200 మంది, ఒక్కొక్కరికి 100 నిమిషాలు. 333 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున 40కి పైగా పనిదినాలు ఒక్క పొద్దులో పోయాయి. హాలు అద్దె బిల్లులో కనిపిస్తుంది, ఇది ఏ బిల్లులోనూ కనిపించదు. అప్పటి నుంచి ఏ మీటింగ్ ఒప్పుకున్నా, అందరికంటే దూరం నుంచి వచ్చే మనిషి ఎవరో మొదట అడుగుతాను. ఆయన ఏ బస్సుకు వస్తాడు, ఏ బస్సుకు వెళ్లాలి? ఈ రెండింటి మధ్యనే కార్యక్రమం పట్టాలి.

తేదీ కూడా అలాగే చూడాలి. మన ఊరికి కొన్ని తేదీలు ప్రత్యేకం. ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచలం గిరి ప్రదక్షిణ జరుగుతుంది. 32 కిలోమీటర్లు, లక్షల మంది నడక. హనుమంతవాక, అప్పుఘర్, ఎన్ఏడీ కూడళ్ల దగ్గర ఆ పూట కారు కదలదు. బీచ్‌లో నేవీ విన్యాసాలుంటే రిహార్సల్ రోజుల్లో కూడా బీచ్ రోడ్డు మీద ఆంక్షలుంటాయి. 2023 మార్చిలో ఒకే నెలలో పెట్టుబడిదారుల సదస్సూ, జీ20 వర్కింగ్ గ్రూప్ సమావేశమూ ఇక్కడే జరిగాయి. అలాంటి రోజుల్లో బయటివాళ్లకు గదుల కోసం వెతకడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. అక్టోబరు, నవంబరుల్లో ఆరుబయట షామియానా వేసి సభ పెట్టాలంటే నేను ఒప్పుకోను. 2014 అక్టోబరు 12న వచ్చిన తుపాను హుద్‌హుద్‌ను చూసినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు.

కబురు కూడా ముందే వెళ్లాలి. కంపెనీల సర్వసభ్య సమావేశానికి చట్టమే 21 రోజుల నోటీసు పెట్టింది. పంపిన రోజు, సమావేశం రోజు ఆ లెక్కలోకి రావు. డీలర్ల మీటింగుకు ఆ చట్టం లేదు. అయినా నేను మూడు వారాలు పాటిస్తాను, మనిషి తన పనులు సర్దుకోవాలి కదా.

ఇక మినిట్ టు మినిట్. ఎన్ని గంటలకు ఏది, ఎవరు, ఎన్ని నిమిషాలు అని రాసుకునే కాగితం. చాలామంది దీన్ని యాంకర్‌కు మాత్రమే ఇస్తారు. సౌండ్ చూసే అబ్బాయికీ, వంట మేస్త్రీకీ, లిఫ్ట్ దగ్గర నిలబడే మనిషికీ ఇవ్వండి. అతిథి ఆలస్యమైతే ఏం చేయాలో కూడా అందులోనే రాయండి. ఇప్పుడు నేను ముందే చెప్పేస్తాను: "సార్, పదింటికి మొదలవుతుంది. మీరు వచ్చినప్పుడు మిమ్మల్ని గౌరవంగా వేదిక మీదకు తీసుకెళ్తాం." ఇప్పటిదాకా ఎవరూ కోపగించుకోలేదు.

జ్యోతి ప్రజ్వలన రెండు నిమిషాల పని. చాలా సభల్లో పది నిమిషాలు పడుతుంది, వత్తి అంటుకోక. ముందు రాత్రే వత్తుల్ని నూనెలో నానబెట్టండి, కొసకు కాస్త కర్పూరం పొడి అద్దండి, పక్కనున్న ఫ్యాను ఆపించండి. ఇంకొకటి, శాలువా కప్పగానే కాలర్ మైకు దాని కింద నలిగి గరగరలాడుతుంది. అందుకే సన్మానం అయ్యాకే మైకు పెట్టించండి. కార్డ్‌లెస్ మైకుల్లో ఆ పొద్దున్నే కొత్త సెల్స్ వేయించండి.

భోజనం దగ్గర మళ్లీ లెక్కే. వరుసలో ఒక్కొక్కరికి 20 సెకన్లు అనుకుందాం. 200 మందికి ఒకటే వరుస అయితే గంట దాటుతుంది. రెండు బల్లలు వేసి, రెండు వైపులా వడ్డిస్తే నాలుగు వరుసలవుతాయి, 17 నిమిషాల్లో అయిపోతుంది. ఐటమ్స్ రెండు తగ్గించి అయినా బల్ల పెంచమంటాను.

జ్ఞాపికల గురించి ఒక్క మాట. గాజువి, పాలరాతివి ఇవ్వకండి, బస్సులో పోయే మనిషికి అదొక బరువు. ఏటికొప్పాక లక్క బొమ్మ ఇవ్వండి. అంకుడు కర్రతో చేస్తారు, తేలిక. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన పక్క ఊరి కళాకారులకు నాలుగు డబ్బులు అందుతాయి.

మరుసటి ఏడు అదే కంపెనీ మళ్లీ పిలిచింది. డీలర్ల మాటలు పొద్దున మొదటి గంటలోనే పెట్టాలని పట్టుబట్టాను. పాలకొండ పెద్దాయన మూడో మనిషిగా లేచాడు. ఈసారి మూత ఒకటి సంచిలో తెచ్చుకున్నాడు. తీసి పైకెత్తి చూపించాడు, అంచు దగ్గర సన్నటి పగులు. వేదిక మీది మేనేజరు గారు కిందికి దిగివచ్చి, ఆ మూత చేతిలోకి తీసుకుని, ఆయన పక్కన కుర్చీలో కూర్చున్నారు.

నాకిచ్చిన అరగంటలో ఇంకా పది నిమిషాలుంది. మైకు వెనక వరుసకు ఇవ్వండి బాబూ, ప్రశ్నలు అక్కడి నుంచి మొదలుపెడదాం.