పాత గుడికి పాస్‌బుక్ ఉందా?

(ఉదయగిరి. వెనక కొండ, కోట గోడ కనిపిస్తూ)

నమస్కారం అండీ. నెల్లూరు, ఒంగోలు వైపు ఏ పాత గుడి దగ్గర ఎవరిని కదిపినా ఒకటే మాట: "ఇది రాయల కాలం నాటిది సార్, పురావస్తు శాఖ వాళ్లు చూసుకుంటారు." ఈ మాట వినీ వినీ ఉండబట్టలేక ఈ వీడియో చేస్తున్నాను. పాతదైనంత మాత్రాన చట్టం దాన్ని కాపాడదండీ.

తాతల నాటి పొలం ఉంది. మీదేనని ఊరందరికీ తెలుసు. అయినా బ్యాంకులో అప్పుకి వెళ్తే ఏమడుగుతారు? పట్టాదారు పాస్‌బుక్. పాత కట్టడాలకి అలాంటి పాస్‌బుక్కే గెజెట్ నోటిఫికేషన్, అంటే ప్రభుత్వం అధికారికంగా అచ్చువేసే ప్రకటన. పాత కట్టడాల రక్షణకి 1958లో వచ్చిన కేంద్ర చట్టంలో వందేళ్లు నిండటం అర్హత మాత్రమే. ముందు నోటీసు ఇస్తారు, దాని కాపీ కట్టడం దగ్గరే అంటిస్తారు. రెండు నెలల్లోపు అభ్యంతరాలు చెప్పుకోవచ్చు. అవి విన్నాకే జాతీయ ప్రాముఖ్యం ఉన్నదని ప్రకటిస్తారు. రాష్ట్రానికి వేరే చట్టం ఉంది, 1960ది.

ఈ కొండనే చూడండి. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలిచిన కోట ఇది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఇంత పేరున్న చోటైనా సరే, నోటిఫికేషన్‌లో ఏ హద్దులు రాశారో అంతవరకే రక్షణ. పక్క చేనుకి మీ పాస్‌బుక్ చెల్లదు కదా!

(ఫోటో: రంగులేసిన స్తంభం)

ఇది మా ఊరి మండపం. దీనికి పాస్‌బుక్ లేదు. మద్దెల వాయించే ఈ బొమ్మకి నా చిన్నప్పుడు వేళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టేవాణ్ణి. తిరునాళ్లకని ఎనామిల్ పెయింట్ మూడు పూతలేశారు. ఇప్పుడు వేళ్లు లేవు, పసుపుపచ్చ ముద్ద ఉంది. పైకప్పు కారుతోందని సిమెంటు కూడా పూశారు. భక్తితోనే చేశారు, వాళ్లని తప్పుపట్టను. కానీ పాత గోడకి పట్టిన చెమ్మ గానుగ సున్నం (గానుగలో నూరిన పాతకాలపు సున్నం) లోంచి ఆరిపోతుంది, సిమెంటు దాన్ని లోపలే ఆపేస్తుంది. 2014లో కేంద్ర పురావస్తు శాఖ తెచ్చిన పరిరక్షణ విధానం చెప్పేది కూడా ఇదే: వీలైనంత తక్కువ ముట్టుకోండి, పాత పద్ధతి తెలిసిన పనివాళ్లని పెట్టుకోండి. నాకు ఆ విధానంలో అన్నిటికంటే నచ్చింది ఈ రెండో మాటే.

మరి తమ ఊరి గుడికి రక్షణ కావాలని జనం దరఖాస్తు ఎందుకు పెట్టరు? "మూడొందల మీటర్ల దాకా మన ఇళ్లు పోతాయి" అన్న టెన్షన్. అది తప్పు. ఆ 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త కట్టుబడి కుదరదు. కానీ ఉన్న ఇంటికి మరమ్మతులు అనుమతి తీసుకుని చేసుకోవచ్చు. ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతితో కొత్త ఇల్లే కట్టుకోవచ్చు. కొలత గుడి గోడ నుంచి కాదండీ, రక్షిత స్థలం హద్దు రాయి నుంచి. గొడవలన్నీ ఇక్కడే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. పాస్‌బుక్ ఉన్నంత మాత్రాన పంట పండదు. 2013లో కాగ్ వాళ్లు (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) 1,655 రక్షిత కట్టడాలు వెళ్లి చూస్తే 92 కనిపించనే లేదు. పొలం దున్నుతుంటే విగ్రహమో, నాణేలో దొరికితే కలెక్టర్‌కి తెలపాలి, అది 1878 నాటి చట్టం. ఇక మన ప్రకాశం జిల్లా చందవరం. అక్కడి బౌద్ధ శిల్పం ఒకటి దొంగల చేతుల్లో పడి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాకా వెళ్లింది, 2016లో తిరిగిచ్చారు. అది ఇక్కడిదేనని తేల్చడానికి పాత ఫోటోలు అక్కరకొచ్చాయి.

అందుకే మీ ఊరి మండపానికి ఈ ఆదివారమే వెళ్లండి. సాయంత్రం ఏటవాలు ఎండలో అక్షరాలు బాగా తేలతాయి. ప్రతి స్తంభానికీ నాలుగు వైపులా ఫోటో తీయండి, సర్వే నంబరు రాసుకోండి. దరఖాస్తుకి అవే కావాలి.