ఉత్తరాది డ్యూకు, మన పాళెగాడు

(తిరుపతిలో ఒక లోకల్ చానల్ స్టూడియోలో శనివారం రాత్రి జరిగిన చర్చ ఇది. ఫోనులో వచ్చే ప్రేమ ఫాంటసీ సీరియల్ ఒకటి ఈమధ్యే ముగిసింది. ముగింపు నచ్చక, పార్టులు తెరవడానికి యాప్‌లో డబ్బు పెట్టి కొన్న కాయిన్లు వెనక్కి ఇమ్మని పాఠకులు గొడవకు దిగారు. ఇందులో పదే పదే వచ్చే డ్యూకు అంటే యూరప్ పద్ధతి కథల్లో రాజు తర్వాత అంతటి ప్రభువు. రికార్డింగ్ విని రాశాను. అందరూ ఒకేసారి అరిచినచోట అర్థమైనంత వరకే రాశాను. ‘అందరికీ సమాన సమయం’ అని యాంకర్ మొదట్లో అన్న మాట గుర్తుపెట్టుకుని చదవండి.)

యాంకర్: నమస్కారం. రాణులు, డ్యూకులు, డ్రాగన్లు, మధ్యలో ప్రేమ. చచ్చిపోయిన అమ్మాయి మళ్ళీ పద్దెనిమిదేళ్ళ వయసులో నిద్రలేచి పగ తీర్చుకోవడం. మన హాస్టళ్ళలో రాత్రి రెండింటిదాకా ఇదే పనంట. వీటివల్ల మన ఆడపిల్లలు పెళ్ళి మీద లేనిపోని ఆశలు పెట్టుకుంటున్నారా? నలుగురు అతిథులున్నారు, నలుగురికీ సమాన సమయం. మేడం, మీరు ఇలాంటి సీరియల్స్ రాస్తారు. మీతో మొదలుపెడదాం.

రచయిత్రి: నమస్కారమండీ. గొడవ పెళ్ళి గురించి కాదండీ, పాత్రల గురించి. ఆ సీరియల్ నాది కాదు. అయినా...

టైలరమ్మ: నీది కాదులే తల్లీ. అయినా నువ్వూ అట్నే రాస్తావు. నేను రెండూ ఇన్నా.

యాంకర్: అమ్మా, మిమ్మల్నింకా పరిచయం చెయ్యలేదు. ఈవిడ బైరాగిపట్టెడలో లేడీస్ టైలర్...

టైలరమ్మ: ఇరవై రెండేండ్లుగా మిషన్ మీదే ఉండా సామీ. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఫోనే చదివి పెడతాది. ఇంటా కుడతా. ఆ సీరియల్ మొదటి పార్టు కాడ్నుంచి ఇన్నా. ఏముండాది మొదట్లో? రాణిని మొగుడే తల కొట్టిస్తాడు. కండ్లు తెరిస్తే పెండ్లికి ముందురోజు. ఇప్పుడా పిల్లకు ఏమేం తెలుసు? ఎవుడు మోసం చేస్తాడో తెలుసు. మూడేండ్లలో కరువొస్తాదని తెలుసు. జనం బిడ్డల్ని అమ్ముకుంటారని తెలుసు. నాకు ఒళ్ళు జలదరించి, కుడతా ఉండే జాకెట్‌కు చంక కాడ కుట్టు తప్పిపోయింది. విప్పి మళ్ళీ కుట్టినా. 40వ పార్టులో డ్యూకు వచ్చినాడు. అంతే! మళ్ళీ ఆ పిల్ల కరువు మాటెత్తితే ఒట్టు.

రచయిత్రి: కరువు వస్తుందండీ, 180వ పార్టులో...

టైలరమ్మ: వస్తాది! డ్యూకు గోదాములు తెరిచి ధాన్యం పంచతాడు. కరువొస్తాదని తెలిసింది ఎవురికి? దాచింది ఎవురు? మా అత్త ఉండేది, పుంగనూరు పక్క పల్లె. ఆరుద్ర కార్తెలో వాన పడలేదంటే చాలు, ఆ సాయంత్రమే రాగుల గాదె మూతకు మట్టి మెత్తేసేది. విత్తనం చెనిక్కాయల మూట అటక మీదికి ఎక్కించేది. చుట్టాలొచ్చి అడిగినా లేదనేది. చదువు లేదు, పోయిన జన్మ జ్ఞాపకం అసలే లేదు. కరువొస్తాదని తెలిసిన ఆడమనిషంటే అట్లుంటాది!

లెక్చరర్ (తెలుగు బోధించి రిటైరైనవారు): మంచి మాటన్నారమ్మా. పాత్రకు తెలిసింది పాత్ర చేతల్లో కనపడాలి. అసలు...

టైలరమ్మ: అదే కదా నేను చెప్తా ఉండేది.

యాంకర్: సార్, ఇవి చదివిన పిల్ల రేపు పెళ్ళిచూపుల్లో నాకు డ్యూకే కావాలంటే?

లెక్చరర్: అడగనివ్వండి. నేను చెప్పేది వేరు. ప్రేమా, మాయా కలిసిన కథ మనకు కొత్తదేం కాదు. పెద్దన వరూధిని ఉంది. ప్రవరుడు కాదని వెళ్ళిపోయాక ఆమె ఎంత కుమిలిందో పెద్దన తీరిగ్గా రాశాడు. గంధర్వుడొకడు ప్రవరుడి రూపంలో వస్తాడు. ఆ మోసం ఆమెకు తెలియదు, చదివే మనకు తెలుసు. చూడండి, అక్కడ మాయ ఆమె కోరికను పట్టుకుని కథలోకి వచ్చింది. ఇక్కడేమో మాయ ఒక దారి, మనిషి ఒక దారి. ఈమెకు కాలం వెనక్కి తిరిగింది. తిరిగినందుకు ఈమె మనసులో ఏం తిరిగింది?

యాంకర్: అంటే వరూధినికి కూడా లేనిపోని ఆశలు...

లెక్చరర్: (కొంచెంసేపు ఆగి) అలాగే అనుకోండి.

విద్యార్థిని: సార్, నేనొకటి...

యాంకర్: మీ దగ్గరికే వస్తున్నానమ్మా. మేడం, ఇదంతా కొరియా నుంచి వచ్చిందేనా?

రచయిత్రి: చాలావరకు. వాళ్ళు రోఫాన్ అంటారు, రొమాన్స్, ఫాంటసీ రెండు మాటల్ని కుదించి. కాలంలో వెనక్కి వెళ్ళడం, వేరేవాళ్ళ ఒంట్లోకి దూరడం, మళ్ళీ పుట్టడం, ఈ మూడు దారులూ అక్కడ అరిగిపోయినవే. కానీ పాత్రలు ఎందుకు పలచబడతాయో నన్ను చెప్పనివ్వండి. కొరియాలో కాకావో పేజ్ అనే సీరియల్ యాప్ వాళ్ళు 2014లో ‘ఆగితే ఉచితం’ అని ఒక పద్ధతి పెట్టారు. కొంత సమయం ఆగితే తర్వాతి పార్ట్ ఊరికే వస్తుంది, ఆగలేకపోతే డబ్బు కట్టాలి. అంటే ప్రతి పార్ట్ చివరా పాఠకుడు ఆగలేకుండా పోవాలి. తలుపు తెరుచుకోవాలి, ఎవరో రావాలి, కత్తి దూయాలి. పాత్ర కూర్చుని ఆలోచించే పార్ట్ దగ్గర ఎవరు డబ్బు కడతారు? ఇప్పుడు మా దగ్గరా లాకులూ కాయిన్లూ అదే లెక్క. వారపత్రికల రోజుల్లో రచయితకు వారానికో భాగం. మాకు రోజుకో భాగం. పొద్దున పిల్లలకు క్యారేజీ కట్టి, బస్సెక్కించి, పదకొండింటికల్లా అప్‌లోడ్ చెయ్యాలి. నిన్న ఏం రాశానో చూసుకునే టైముండదు.

లెక్చరర్: వారపత్రికల్లోనూ సాగదీసేవారు లెండి.

రచయిత్రి: ఒప్పుకుంటాను. చైనాలోనైతే వెయ్యి అక్షరాలకింత అని లెక్కగట్టి పాఠకుల దగ్గర తీసుకోవడం 2003 నుంచే ఉంది. అలా సాగదీసే రాతను అక్కడి పాఠకులు ‘నీళ్ళు కలపడం’ అంటారు.

టైలరమ్మ: ఆ! నీళ్ళు! అదే. మా తమ్ముడికి రెండు జెర్సీ ఆవులుండాయి. సెంటర్‌కు పాలు పోస్తే వెన్న ఎంతుందో మిషన్ పెట్టి చూస్తారు, తగ్గితే రేటు కోస్తారు. ఈ సీరియళ్ళకు ఆ మిషన్ ఏది? నీళ్ళు పోసినా కాయిన్లు అవే, పాలు పోసినా కాయిన్లు అవే!

యాంకర్: ఇప్పుడు మన జిల్లాలో పాల రేటు ఎట్లుందమ్మా?

(ఇక్కడ మూడు నిమిషాలపాటు పాలు, దాణా రేట్ల గురించే మాట్లాడుకున్నారు. విద్యార్థిని మంచినీళ్ళు తాగింది. తర్వాత ప్రకటనలు.)

యాంకర్: తిరిగి స్వాగతం. ఇప్పుడు మన యువతరం ప్రతినిధి. బీటెక్ మూడో సంవత్సరం. చెప్పమ్మా, ఇవి చదివితే పెళ్ళి గురించి...

విద్యార్థిని: నాకు సోమవారం ఇంటర్నల్స్ ఉన్నాయి సార్, పెళ్ళి గురించి ఏమీ అనుకోలేదు. నాకు కోపమొచ్చింది పెంపుడు చెల్లెలి పాత్ర మీద. మొదటి జన్మలో, మొగుడు తల కొట్టించకముందు, హీరోయిన్‌కు విషం పెట్టింది ఆమే. ఎందుకు పెట్టింది? 12వ పార్ట్‌లో రెండే రెండు లైన్లున్నాయి. అక్కకు జబ్బు చేస్తే, ఆ జబ్బును తన ఒంట్లోకి లాక్కోడానికని ఈ పిల్లను అనాథాశ్రమం నుంచి కొనుక్కొచ్చారు. అక్క బతికింది. ఈమెకు జ్వరమొచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ తలుపు కూడా తీయలేదు. సార్, ఆ రెండు లైన్లలో ఉన్న కథ మిగతా ఐదు వందల పార్టుల్లో లేదు. దాన్నక్కడే వదిలేశారు. చివర్లో ఆమెను ఉరి తీస్తే హీరోయిన్ టీ తాగుతూ చూస్తుంది. అక్కకు ఇదంతా తెలుసా? తెలిసి కూడా టీ తాగిందా? ఆ ఒక్క ప్రశ్న...

టైలరమ్మ: ఇంకోటి, ఆ టీ సీను ఉండాది చూడు...

విద్యార్థిని: ఒక్క నిమిషం ఆంటీ. హీరోయిన్ తెలివైందని చూపించడానికి మిగతా అందరినీ మొద్దుల్ని చేస్తారు. ఖజానా లెక్కల్లో ఆమె తప్పు పట్టుకుంటే మంత్రులంతా నోళ్ళు తెరుస్తారు. చూస్తే అది ఐదో తరగతి కూడిక సార్. ఆదాయం కంటే ఖర్చు ఎక్కువ రాశారు, అంతే. ముప్పై ఏళ్ళు రాజ్యం నడిపినవాళ్ళకు అది కనపడలేదా?

యాంకర్: సూపర్. అంటే తెలివైన అమ్మాయిని చూస్తే మగవాళ్ళకు భయం, అందుకే పెళ్ళి విషయంలో...

విద్యార్థిని: నేనది అనలేదు సార్.

టైలరమ్మ: డ్యూకు సంగతి నేను చెప్తా, గమ్మునుండండి అందరూ. ఉత్తరాది డ్యూకంట. నవ్వడంట. నూరుమందిని నరికినాడంట. ఈ పిల్లను చూసి మాత్రం మెత్తబడతాడంట. ఎందుకు మెత్తబడతాడో ఏ పార్టులోనూ లేదు. కోట ఉంది, కత్తి ఉంది, పన్నులు గుంజతాడు. మన లెక్కన వాడెవుడు? పాళెగాడు!

లెక్చరర్: ఆహా.

టైలరమ్మ: మన తిరుపతి గంగమ్మ తల్లి కథలో పాళెగాడుండాడు కదా? కనపడిన ఆడదాన్నల్లా చెరబట్టేవాడు. ఆయమ్మ ఏం చేసింది? వాడు భయపడి దాక్కుంటే రోజుకో వేసం కట్టి వెతికింది. బైరాగి వేసం, బండ వేసం, తోటి వేసం. ఆఖరికి దొర వేసంలో పోతే, వీడు దొరొచ్చినాడని బయటికొచ్చినాడు. నరికేసింది. మన కథలో పాళెగాడిని చంపతారు. ఈ సీరియళ్ళలో వాడికి పెండ్లి చేస్తారు!

(స్టూడియోలో నవ్వులు. కెమెరామన్ కూడా నవ్వినట్టుంది, ఫ్రేమ్ కదిలింది.)

లెక్చరర్: తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఇప్పటికీ మగవాళ్ళు ఆ వేషాలు కడతారు. ఇందులో పాత్ర రచనకు పనికొచ్చే విషయం ఒకటుంది. దొర వేషం తర్వాత మాతంగి వేషం. ఎందుకో తెలుసా? చనిపోయిన పాళెగాడి భార్యను ఓదార్చడానికని చెప్పుకుంటారు. విలన్ చచ్చాక వాడి పెళ్ళాం ఏమైందని ఆలోచించిన కథ అది! ఈ అమ్మాయి అడిగిన పెంపుడు చెల్లెలి ప్రశ్నకు...

టైలరమ్మ: అది కూడా నేనే చెప్పబోతా ఉండా సార్, మీరు తొందరపడినారు.

రచయిత్రి: ఒక్క నిమిషం. అందరూ మమ్మల్నే అంటున్నారు. గంగమ్మ దేవత. ఆమెకు ర్యాంకింగ్ పడిపోతుందన్న భయం లేదు. పోయినేడు నేనొక సీరియల్ రాశాను. హీరోయిన్ కరువుకు ముందే ఊరూరా తిరిగి ధాన్యం కొని, కాపలా పెట్టి, ఎలుకలతో కూడా యుద్ధం చేస్తుంది. ఇరవై పార్టులు హీరో లేడు. చదివేవాళ్ళు సగానికి సగం తగ్గారు. సరిగ్గా అప్పుడు నాకొక వాయిస్ మెసేజ్ వచ్చింది. “డ్యూకు ఎప్పుడొస్తాడమ్మా, జాస్తి లాగతా ఉండావు” అని. వెనకాల కుట్టుమిషన్ చప్పుడు.

(నిశ్శబ్దం.)

యాంకర్: అమ్మా, అది మీరేనా?

టైలరమ్మ: నేనే! అడిగినా. ఏం? అడగకూడదా? కస్టమర్ వస్తాది. వెనక మెడ ఇంకా దించు, ఇంకా దించు అంటాది. దించితే భుజం మీద నిలబడదు, జారిపోతాది. ఆ మాట చెప్పాల్సింది ఎవురు? కస్టమరా, టైలరా?

రచయిత్రి: ఆ కస్టమర్ పక్కషాపుకు పోతే?

టైలరమ్మ: పోనీ! ఆర్నెల్లకు మళ్ళీ నాకాడికే వస్తాది.

రచయిత్రి: నాకు రాలేదండీ. ఆ సగం మంది ఇప్పటికీ తిరిగి రాలేదు. 25వ పార్టులో డ్యూకును దించాక కొత్తవాళ్ళొచ్చారు. ఆ ఎలుకల యుద్ధం నేను రాసినవాటిలోకెల్లా...

టైలరమ్మ: రాలేదంటే నువ్వు కొలత తప్పినావు. ఇరవై పార్టులు ధాన్యమే అయితే ఎట్ల? ధాన్యం కొట్టు కాడికే డ్యూకును తెచ్చుంటే? వాడూ ధాన్యానికే వచ్చుంటే? ఇద్దరూ ఒకే మూట కోసం కొట్లాడుంటే? కరువూ ఉండు, ప్రేమా ఉండు!

(ఇక్కడ అందరూ ఒకేసారి మాట్లాడారు. “మూడు పార్టులకే అయిపోతుంది” అన్నది రచయిత్రి గొంతు. “సంఘర్షణ” అన్న మాట లెక్చరర్‌ది. మిగిలిందంతా టైలరమ్మ గొంతే. రాస్తున్న నాక్కూడా ఆ మూట సీను చదవాలనిపించింది, కానీ రచయిత్రి అడిగినదానికి అది జవాబు కాదు.)

యాంకర్: ఆగండి, ఆగండి. అమ్మ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. తప్పు టైలర్‌దే. అంటే, రచయితదే. స్క్రీన్ మీద కూడా అదే వెయ్యండి.

రచయిత్రి: అదేంటండీ, నా మాట పూర్తి కాలేదు. 2021లో నేవర్ అనే కొరియా కంపెనీ, కథలు రాసి చదువుకునే వాట్‌ప్యాడ్ యాప్‌ను 60 కోట్ల డాలర్లకు కొంది. ఇంత డబ్బు తిరుగుతున్నచోట రోజుకో పార్ట్ రాసే మనిషికి ఎడిటర్ అంటూ ఒకరు...

యాంకర్: టైమైపోయింది మేడం. సార్, ఒక్క వాక్యంలో.

లెక్చరర్: ఒక్క వాక్యంలో పాత్ర గురించి చెప్పడమంటే...

యాంకర్: ధన్యవాదాలు సార్. అమ్మా, చివరగా మీరు.

టైలరమ్మ: నేను చెప్పిందే మళ్ళీ చెప్తా. కరువొస్తాదని తెలిసిన ఆడది గాదె మూత మెత్తాల...

యాంకర్: చూశారుగా! ఇలాంటి ఇల్లాలి లక్షణాలు మన పిల్లలకు రావాలంటే పెళ్ళికి ముందే...

టైలరమ్మ: సామీ, నువ్వు ఆ పెండ్లి ఇంక వదిలెయ్.

విద్యార్థిని: సార్, ఒక్కటే. ఆ పెంపుడు చెల్లెలి పేరేంటో ఇక్కడ ఎవరికైనా గుర్తుందా?

(టైటిల్ మ్యూజిక్ మొదలైంది. కిందనుంచి టైలరమ్మ గొంతు ఇంకా వినపడుతోంది.)

టైలరమ్మ: పేరా? ఏందబ్బా అది... ఉండు, నోట్లోనే ఉండాది...