గురక పెడుతున్నాడంటే హాయిగా నిద్రపోతున్నట్టు కాదు

(దేవరకొండలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ టీచర్ల సమావేశంలో ఒక పిల్లల డాక్టరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నా దగ్గరకు వచ్చే తల్లులు బిడ్డ జ్వరం గురించి చెబుతారు, అన్నం తినడం లేదంటారు, చదువు ఎక్కడం లేదంటారు. రాత్రి ఎలా పడుకుంటున్నాడో మాత్రం నేను అడిగితే తప్ప చెప్పరు. అడిగితే, "నిద్రకేం సార్, గురకపెట్టి మరీ పడుకుంటాడు" అంటారు. ఇవాళ ఆ గురక గురించే ఎక్కువ మాట్లాడతాను.

జలుబు చేసినప్పుడు నాలుగు రోజులు గురక వస్తే కంగారు అక్కర్లేదు. జలుబు లేకపోయినా వారంలో మూడు రాత్రులు, అంతకన్నా ఎక్కువ గురక పెడుతుంటే చూపించాలి. ముక్కు వెనుక అడినాయిడ్స్, గొంతులో టాన్సిల్స్ అనే మెత్తటి కండలు ఉంటాయి. రెండు నుంచి ఎనిమిదేళ్ల వయసులో గొంతు దారి చిన్నది, ఇవి పెద్దవి. మెలకువలో కండరాలు ఆ దారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలగానే కొందరిలో ఆ దారి మూసుకుంటుంది. గురక ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఛాతీ ఎగసిపడుతున్నా గాలి లోపలికి పోదు. కాసేపటికి ఉలిక్కిపడి గాలి పీల్చుకుని పక్కకు తిరుగుతాడు. దీన్ని స్లీప్ ఆప్నియా అంటాం. నూటికి ఒకరి నుంచి ఐదుగురు పిల్లల్లో ఇది ఉంటుంది. మెడ వెనక్కి విరిచి నోరు తెరుచుకుని పడుకోవడం, ఫ్యాను కింద కూడా తలగడ తడిసేలా చెమట పట్టడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుకావడం దీని ఆనవాళ్లు.

అమ్మానాన్నలు పనికోసం ముంబై, పుణె వలస వెళితే బిడ్డ పక్కన పడుకునేది నానమ్మే. ఆమెను కూడా ఆసుపత్రికి వెంటబెట్టుకు రండి. అసలు సంగతి ఆమెకే తెలుసు.

టీచర్లకు ఒక మాట. నిద్ర చాలని పెద్దవాళ్లు కునికిపాట్లు పడతారు. పిల్లలు తరచూ అందుకు తలకిందులు. ఒకచోట కూర్చోరు, పక్కవాణ్ణి గిల్లుతారు, చెప్పింది చెవికెక్కదు. అలాంటివాణ్ణి అల్లరివాడని ముద్ర వేసే ముందు, రాత్రి గురక పెడతాడా అని ఇంట్లో అడగండి.

టాన్సిల్స్, అడినాయిడ్స్ పెరగడమే కారణమైతే వాటిని తీసేసే ఆపరేషనే సాధారణంగా ముందు చేస్తారు. సమస్య తేలికగా ఉంటే ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే కొన్ని వారాలు వాడి చూస్తారు. ఊబకాయం ఉన్నవాళ్లలో ఆపరేషన్ తర్వాత కూడా కొంత మిగలవచ్చు కాబట్టి మళ్లీ చూపించాలి.

ఇక రాత్రి భయాలు. పడుకున్న గంటకో రెండు గంటలకో కెవ్వున అరుస్తూ లేచి కూర్చుంటాడు. కళ్లు తెరిచే ఉంటాయి, ఎవరినీ గుర్తుపట్టడు. పొద్దున అడిగితే ఏమీ గుర్తుండదు. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. కట్టించినవాళ్లను నేను కోప్పడను. వయసుతో అది దానంతటదే తగ్గుతుంది, పేరు తాయెత్తుకు వస్తుంది! ఆ సమయంలో కుదిపి లేపకండి, దెబ్బ తగలకుండా చూస్తే చాలు. అయితే ఒకే రాత్రి పలుసార్లు, ఒకే తీరులో చేతులు కాళ్లు బిగుసుకుంటుంటే అది ఫిట్స్ కావచ్చు. అప్పుడు ఆలస్యం చేయకండి.

పడుకోగానే కాళ్లు లాగుతున్నాయని, నొక్కమని ఏడ్చే పిల్లలుంటారు. ఎదుగుతున్న నొప్పులని వదిలేస్తాం. ఐరన్ తక్కువైనా ఇలా జరుగుతుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో పదిమందికి ఏడుగురు రక్తహీనులే. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా శరీరంలో ఐరన్ నిల్వ పడిపోవచ్చు. అది ఫెర్రిటిన్ పరీక్షలో తెలుస్తుంది. కాళ్లు లాగే పిల్లల్లో అది మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల కన్నా తక్కువ ఉంటే చాలామందికి డాక్టర్లు ఐరన్ సిరప్ రాస్తారు. అన్నం తిన్న వెంటనే టీ ఇచ్చే అలవాటు ఉంటే మానేయండి, తిన్న ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

ఆరు నుంచి పన్నెండేళ్ల వారికి కనీసం 9 గంటలు, ఆపై వారికి 8 గంటల నిద్ర కావాలి. హాస్టల్లో ఐదింటికి లేపితే ఏడో తరగతి పిల్ల రాత్రి ఎనిమిదికే పడుకోవాలన్నమాట. వార్డెన్లు లెక్క వేసుకోండి.

మెడికల్ షాపులో అడిగి, నిద్ర కోసం జలుబు సిరప్ పోయకండి. గురక పెట్టే బిడ్డకు మత్తు ఇస్తే ఊపిరి ఇంకా కష్టమవుతుంది. దానికి బదులు, బిడ్డ గాఢంగా నిద్రపోయాక ఛాతీ, ముఖం కనిపించేలా, శబ్దం వినిపించేలా ఫోనులో రెండు నిమిషాల వీడియో తీసి తీసుకురండి. రాత్రంతా చేసే నిద్ర పరీక్ష అవసరమా కాదా తేల్చడానికి మాకు అది బాగా పనికొస్తుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.