ఇంటికీ చిన్న గిగ్‌కీ ఒకే బొటీక్ ట్యూబ్ యాంప్: ఎలా ఎంచుకోవాలి?

నమస్తే అండి. బొటీక్ ట్యూబ్ యాంప్, అంటే చిన్న బిల్డర్లు తక్కువ సంఖ్యలో చేసే, వాక్యూమ్ ట్యూబులతో నడిచే గిటార్ యాంప్లిఫయర్ కొనాలనుకునేవాళ్లు ముందు అడిగే ప్రశ్న "ఎన్ని వాట్లు తీసుకోవాలి?" అని. ఈ వీడియోలో ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను. ఎందుకంటే ఇక్కడ లెక్క తప్పితే, ఎంత పేరున్న బిల్డర్ చేసిన యాంప్ అయినా మూలన పడి ఉంటుంది.

5 వాట్లంటే చిన్నదే కదా, ఇంటికి హాయిగా సరిపోతుందనుకుంటాం. కానీ మన చెవి వాట్లను అలా లెక్కపెట్టదు. పవర్ పదింతలు పెరిగితేనే శబ్దం దాదాపు రెట్టింపైనట్టు వినిపిస్తుంది. 5 నుంచి 15 వాట్లకు వెళ్తే తేడా 5 డెసిబెల్స్ కూడా ఉండదు. అందుకే ఈఎల్84 అనే పవర్ ట్యూబ్ (స్పీకర్‌ను నడిపే ట్యూబ్) ఒక్కటే ఉన్న 5 వాట్ల యాంప్‌ను ఆ ట్యూబ్ డిస్టార్ట్ అయ్యేదాకా, అంటే శబ్దం గరగరలాడేదాకా తిప్పితే పక్కింటివాళ్లు తలుపు కొడతారు. పోనీ గిగ్‌కి (స్టేజ్ ప్రోగ్రాంకి) తీసుకెళ్దామంటే, డ్రమ్స్ మొదలవగానే క్లీన్ టోన్ (గరగర లేని శబ్దం) చేతికి దొరకదు. రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది.

ఒక్కటే యాంప్ కొనేవాళ్లకు నేను చెప్పేది 15 నుంచి 22 వాట్లు. అంటే రెండు ఈఎల్84లు, లేదా రెండు 6వి6లు (ఇది ఇంకో రకం పవర్ ట్యూబ్). వాక్స్ ఏసీ15 మొదటి దారి, ఫెండర్ డీలక్స్ రివర్బ్ రెండో దారి. చాలామంది బొటీక్ బిల్డర్లు ఈ రెండింటిలో ఏదో ఒకదాని నుంచే మొదలుపెడతారు. ఈఎల్84లో గంట కొట్టినట్టు మోగే ట్రెబుల్ ఉంటుంది, గట్టిగా మీటితే కాస్త గరగరలాడుతుంది. 6వి6 క్లీన్ ఇంకా గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. పెడల్స్ ఎక్కువ వాడేవాళ్లకు నా ఓటు 6వి6కే.

మరి ఇంట్లో ఎలా? అక్కడ అంతా మాస్టర్ వాల్యూమ్ మీదే, అంటే యాంప్ మొత్తం శబ్దాన్ని పెంచి తగ్గించే నాబ్ మీదే ఆధారపడి ఉంటుంది. డీలక్స్ రివర్బ్ పాత డిజైన్‌లో అది అసలు లేదు. ఉన్న యాంపుల్లో కూడా అన్నీ ఒకేలా పనిచేయవు. కొన్నిటిలో మాస్టర్ బాగా తగ్గించగానే ట్రెబుల్ పోయి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. షాపులో గట్టిగా వాయించి మురిసిపోకండి. మాస్టర్‌ను మామూలుగా మాట్లాడుకునే శబ్దం దగ్గర పెట్టి, కాసేపు అలాగే వాయించండి. తక్కువ శబ్దంలో చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా అందుతాయి కాబట్టి ఏ యాంప్ అయినా కొంత పలచబడుతుంది. అది సహజం. పలచబడినా మీ పిక్ పోటుకి స్పందిస్తోందా, లేదా అన్నదే చూడాలి.

తర్వాత యాంప్‌ను కాస్త క్రంచ్‌లో (తేలికపాటి గరగరలో) పెట్టి, గిటార్ మీదున్న వాల్యూమ్ నాబ్‌ను 10 నుంచి 5కి తగ్గించండి. మంచి యాంప్ మెల్లగా క్లీన్ అవుతుంది, ప్రతి తీగా విడిగా వినిపిస్తుంది. బురదగా మారిందంటే ఆ యాంప్ నేను కొనను. బొటీక్‌కి ఎక్కువ డబ్బు పెట్టేది ఈ స్పందన కోసమే.

ఎవరూ అడగని సంగతి స్పీకర్ సెన్సిటివిటీ, అంటే అదే పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందన్నది. 97 డెసిబెల్స్ స్పీకర్ తీసేసి 100ది పెడితే, యాంప్ పవర్ రెట్టింపు చేసినంత తేడా వస్తుంది. గిగ్‌లో శబ్దం చాలట్లేదనిపిస్తే కొత్త యాంప్ కన్నా ముందు స్పీకర్ చూడండి. ఇంట్లో ఎక్కువైందనిపిస్తే తక్కువ సెన్సిటివిటీది పెట్టొచ్చు.

చేత్తో వైరింగ్ చేసిందా, సర్క్యూట్ బోర్డా అన్న గొడవ నాకు అంత ముఖ్యం కాదు. బాగా చేసిన బోర్డు కూడా బాగానే పలుకుతుంది. కానీ ట్యూబ్ సాకెట్లు, జాక్‌లు, పాట్‌లు (నాబ్‌ల వెనకుండే కంట్రోల్స్) బోర్డుకి కాకుండా ఛాసిస్‌కి (లోహపు చట్రానికి) బిగించి ఉంటే, రేపు రిపేర్ చేసేవాళ్లకి పని తేలిక. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ (పవర్ ట్యూబులకీ స్పీకర్‌కీ మధ్య ఉండేది) ఎవరిది, ఏ సైజుది అని బిల్డర్‌ని అడగండి. ట్యూబులు మార్చినప్పుడు బయాస్ (ట్యూబ్‌లో నిలకడగా పారే కరెంటు) సెట్ చేయాలా అని కూడా అడగండి. బయాస్ దానంతటదే సర్దుకునే క్యాథోడ్ బయాస్ రకమైతే సాధారణంగా ఆ పని ఉండదు, ఇంట్లో మీరే మార్చుకోవచ్చు.

ఒక జాగ్రత్త. స్పీకర్ గానీ, సరిపోయే లోడ్ (స్పీకర్ బదులు పెట్టే పరికరం) గానీ తగిలించకుండా ట్యూబ్ యాంప్ ఎప్పుడూ ఆన్ చేసి వాయించకండి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ప్లగ్ పీకేశాక కూడా లోపల కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. ఛాసిస్ విప్పే పని తెలిసినవాళ్లకే వదిలేయండి.

ఇప్పుడు ఒకే రిఫ్‌ని ముందు 6వి6 మీద, తర్వాత ఈఎల్84 మీద వినిపిస్తాను. రెండింటిలోనూ మాస్టర్ ఇంట్లో పెట్టుకునేంతే ఉంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఫోన్ స్పీకర్‌లో ఈ తేడా తెలియదు.