శ్రమ మీద చేతిరాత పత్రిక

వ్యాఖ్యాత: మాస్టారూ, మీ పిల్లలు శ్రమ విలువ మీద చేతిరాత పత్రిక తెస్తున్నారట. మొదటి పేజీలో ‘శ్రమే దైవం’ అనే కదా?

మాస్టారు: (నవ్వు) ఆ నినాదం వద్దన్నాను. అది రాయడానికి ఎవరినీ కలవనక్కర్లేదు. గదులు ఊడ్చే ఆవిడను కలిసి, ఆమె పనిని వరసగా రాసుకు రమ్మన్నాను. ఎన్నింటికి వస్తారు, ముందు ఏ గది, ఏ పనికి నడుము పట్టేస్తుంది...

వ్యాఖ్యాత: ‘మీ పని మీకు ఇష్టమేనా’ అని అడగరా?

మాస్టారు: ‘ఇష్టమే’ అంటారు, అక్కడితో సరి. ‘చీపురు ఎన్నాళ్ళకు అరుగుతుంది?’ అని అడిగిన అమ్మాయికి అర పేజీ జవాబు దొరికింది. ఏ నేల మీద త్వరగా అరుగుతుందో, అరిగినదాన్ని ఎక్కడ వాడుకోవాలో అన్నీ చెప్పారు. ఆ తెలివిని రాస్తే ఇక జాలి మాటలతో పనిలేదు. ఫ్రాన్స్‌లో సెలెస్తాఁ ఫ్రెనే అనే ఉపాధ్యాయుడు 1920లలోనే పిల్లలను చేతిపనులవారి దగ్గరకు తీసుకెళ్ళేవాడు. పిల్లలు రాసినవాటిని తరగతిలోనే వాళ్ళచేత అచ్చు వేయించేవాడు. అక్షరాలు కూర్చడమూ పిల్లల పనే.

వ్యాఖ్యాత: ఇప్పుడు కంప్యూటర్ ఉంది కదా. చేత్తోనే ఎందుకు?

మాస్టారు: మెడ నొప్పి పుట్టాలి కదండీ! చెన్నైలో 1927లో మొదలైన ‘ముసల్మాన్’ అనే ఉర్దూ దినపత్రిక పేజీలను లేఖకులు చేత్తో రాసి అచ్చుకు పంపేవారు. ఆలస్యంగా వచ్చే వార్త కోసం మొదటి పేజీలో ఒక మూల ఖాళీగా ఉంచేవారు. మేమూ అలాగే ఉంచాం. లేకపోతే షీటంతా తిరగరాయాలి.

వ్యాఖ్యాత: తగాదాలు రాలేదా?

మాస్టారు: పేర్ల దగ్గర వచ్చింది. మామూలుగా దస్తూరీ బాగున్న పిల్ల పత్రికంతా రాస్తుంది, పేరేమో సంపాదకుడిది. శ్రమ గురించిన పత్రికలోనే శ్రమను దాచేస్తే ఎలా? అందుకే గీతలు గీసినవారు, తప్పులు దిద్దినవారు, జిగురు పూసినవారు, అందరి పేర్లూ ఒకే సైజులో వేశాం. సంపాదకుడు కాస్త అలిగాడు.

వ్యాఖ్యాత: ఆ ఆవిడ చూశారా?

మాస్టారు: గోడకు ఎక్కించేముందే పిల్లలు ఆవిడకు చదివి వినిపించారు. ‘ఊడ్చడం రాశారు, నీళ్ళు మోయడం ఏది?’ అన్నారు. ఆ ఖాళీ మూల అక్కరకొచ్చింది.

వ్యాఖ్యాత: తర్వాతి సంచిక?

మాస్టారు: ఇంట్లో ఎవరు ఏ పని ఎంతసేపు చేస్తున్నారో గడియారం చూసి రాయమన్నాను. కొందరు నాన్నలు నన్ను కలవడానికి వస్తారనుకుంటున్నాను.