గల్లాపెట్టె నిండుతున్నా నష్టం ఎందుకు?

[దృశ్యం: బెంగళూరు మారతహళ్లి, మధ్యాహ్నం వేళ కిటకిటలాడుతున్న ఆంధ్రా మెస్సు]

నమస్కారం. మనవాళ్లు నడిపే మెస్సుల్లో మధ్యాహ్నం పూట కూర్చోవడానికి చోటు దొరకదు. అయినా నెలాఖరున కిరాణా కొట్టు బాకీ తీర్చడానికి యజమాని చేబదులు తెచ్చుకునే సందర్భాలు ఉంటాయి. ఎందుకో ఒక ఊహా లెక్కతో చూద్దాం.

[తెరపై: లెక్క]

జీఎస్టీ కాక భోజనం ధర 120 రూపాయలు, సరుకులకు, గ్యాసుకు అయ్యే ఖర్చు 75 అనుకుందాం, మిగిలేది 45. అద్దె 60,000, జీతాలు 90,000, కరెంటు, నీళ్ల ట్యాంకరు 12,000, మొత్తం 1,62,000 రూపాయలు అమ్మకంతో నిమిత్తం లేకుండా ప్రతి నెలా కట్టవలసినవే. దీన్ని 45తో భాగిస్తే 3,600 వస్తుంది కనుక, రోజుకు 120 భోజనాలు అమ్మితే గాని ఖర్చులు గిట్టవు. రోజుకు 100 అమ్మితే నెలకు 3,60,000 గల్లాలో పడుతుంది, నష్టం మాత్రం 27,000. కిరాణా కొట్టువారు నెల రోజులు అరువిస్తారు కాబట్టి ఆ నష్టం వెంటనే కంటికి కనబడదు.

ఈ 27,000 పూడాలంటే రోజుకు మరో 20 భోజనాలు చాలు. అదే ఫుడ్ యాప్‌లో చేరి ఆర్డరుకు 30 రూపాయల కమీషన్ ఇస్తే, మిగిలేది 15 కాబట్టి రోజుకు మరో 60 ఆర్డర్లు రావాలి.

[దృశ్యం: సగం దించిన షట్టరు]

మరి మూసేయాలా? అద్దె ఒప్పందం గడువు ఇంకా ఉంటే, మూసినా నెలకు 60,000 కట్టాలి. ఆ లెక్కన 27,000 నష్టంతో నడపడమే మేలనిపిస్తుంది. అయితే యజమాని తన కష్టానికి జీతం రాసుకోలేదు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇదే. ఆయన మరోచోట 40,000 సంపాదించగలిగితే, మూసినప్పుడు మిగిలే భారం 20,000 మాత్రమే, కాబట్టి నిర్ణయం తారుమారవుతుంది. ఇంట్లోవాళ్లు వంటగదిలో పడే శ్రమను కూడా ఇలాగే లెక్కగట్టాలి.

[తెరపై: పన్ను]

జీఎస్టీ లాభం మీద కాక అమ్మకం మీద పడే పన్ను కాబట్టి, నష్టం వచ్చిన నెలలోనూ తప్పదు. ఆదాయపు పన్ను విషయంలో వ్యాపార నష్టాన్ని జీతపు ఆదాయంలోంచి తీసివేయడానికి చట్టం ఒప్పుకోదు గాని, గడువులోగా రిటర్ను దాఖలు చేసినవారు దాన్ని 8 సంవత్సరాల వరకు రాబోయే వ్యాపార లాభాల్లో సర్దుబాటు చేసుకోవచ్చు. నష్టమే కదా, రిటర్ను ఎందుకని ఊరుకున్నవారికి ఆ అవకాశం పోతుంది. గ్రైండరు, ఫ్రిజ్ వంటి సామాను తరుగుదల, అంటే వాడకంతో ఏటా తగ్గే విలువ కింద ఖర్చుగా చూపించే మొత్తం, ఆ ఏటి ఆదాయానికి మించి మిగిలిపోతే, దానికి ఈ 8 సంవత్సరాల పరిమితి కూడా లేదు.