ఎంసీసీ ఇన్‌స్ట్రక్టర్: అర్హత ఎంత, అధికారం ఎంతవరకు

అందరికీ నమస్కారం. ఎంసీసీ (మల్టీ-క్రూ కోఆపరేషన్, అంటే కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్లు కలిసి పనిచేయడం) నేర్పే ఇన్‌స్ట్రక్టర్, అంటే ఎంసీసీఐ, సర్టిఫికెట్ కోసం సిద్ధమవుతున్న పైలట్లూ, వాళ్లను తయారుచేసే శిక్షణ సంస్థల వాళ్లూ ఇక్కడున్నారు కాబట్టి సూటిగా విషయానికొస్తాను. నేను చెప్పేది ఈయాసా (యూరప్ విమానయాన భద్రతా సంస్థ) పైలట్ లైసెన్సుల నియమాలైన పార్ట్-ఎఫ్‌సీఎల్ ప్రకారం, అంటే యూరోపియన్ యూనియన్ 1178/2011 నిబంధన ప్రకారం. ఈ సర్టిఫికెట్ ఇచ్చే అధికారం చాలా ఇరుకైనది. అలా ఎందుకు పెట్టారో గ్రహించని వాళ్లే సిమ్యులేటర్‌లో ఎక్కువగా దారి తప్పుతున్నారు.

ముందు మనం ఎవరికి నేర్పుతామో చూద్దాం. ఎంసీసీ కోర్సుకు వచ్చే విద్యార్థికి విమానం నడపడం వచ్చు, మేఘాల్లో పరికరాల మీద నడపడమూ వచ్చు. కానీ ఇంతవరకూ అన్నీ ఒక్కడే చేసుకున్నాడు. అతనికి 25 గంటల థియరీ, 20 గంటల ప్రాక్టికల్ ఇవ్వాలి. ఇంటిగ్రేటెడ్ ఏటీపీ కోర్సులో (ఎయిర్‌లైన్ పైలట్‌గా మొదటినుంచీ తయారుచేసే ఏకధాటి కోర్సు) ఉంటే ప్రాక్టికల్ 15 గంటలకు తగ్గించవచ్చు. మొత్తం ఆరు నెలల్లో పూర్తి కావాలి. ఏపీఎస్ (ఎయిర్‌లైన్ పైలట్ స్టాండర్డ్) ఎంసీసీ అనే విస్తృత కోర్సులో ప్రాక్టికల్ 40 గంటలు.

ఇక ఇన్‌స్ట్రక్టర్ అర్హత. సీపీఎల్ (కమర్షియల్ పైలట్), ఎంపీఎల్ (మల్టీ-క్రూ పైలట్), ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ పైలట్) లైసెన్సుల్లో ఏదో ఒకటి ఉండాలి, లేదా గతంలో ఉండి ఉండాలి. ఈ ‘గతంలో’ అన్న వెసులుబాటు చాలామంది కంటపడదు. మెడికల్ సర్టిఫికెట్ పోయిన కెప్టెన్, రిటైరైన కెప్టెన్ ఈ పని చేయగలరంటే దానివల్లే. విమానాలకైతే మల్టీ-పైలట్ ఆపరేషన్లలో 1500 గంటలు కావాలి. మొత్తం గంటలు కావు, మల్టీ-పైలట్ గంటలు. చిన్న విమానాల్లో నాలుగువేల గంటలు నేర్పినా ఇక్కడ అవి లెక్కలోకి రావు. హెలికాప్టర్లకు 1000 గంటలు, అందులో కనీసం 350 మల్టీ-పైలట్ హెలికాప్టర్ల మీద.

శిక్షణలో మూడు భాగాలుంటాయి. బోధనాభ్యాసం 25 గంటలు. ఎఫ్ఐ (ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్), టీఆర్ఐ (టైప్ రేటింగ్ ఇన్‌స్ట్రక్టర్), సీఆర్ఐ (క్లాస్ రేటింగ్ ఇన్‌స్ట్రక్టర్), ఐఆర్ఐ (ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఇన్‌స్ట్రక్టర్), ఎస్ఎఫ్ఐ (సిమ్యులేటర్ ఇన్‌స్ట్రక్టర్) సర్టిఫికెట్లలో ఏది ఉన్నా, గతంలో ఉన్నా దీనికి పూర్తి మినహాయింపు. తరవాత, నేర్పబోయే పరికరానికి సంబంధించిన సాంకేతిక శిక్షణ. చివరగా, శిక్షణ సంస్థ నియమించిన టీఆర్ఐ, ఎస్ఎఫ్ఐ లేదా ఎంసీసీఐ పర్యవేక్షణలో మూడు గంటల ప్రాక్టికల్ బోధన. మిగతా చాలా ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్లకు విడిగా సామర్థ్య పరీక్ష ఉంటుంది. ఎంసీసీఐకి లేదు, ఆ మూల్యాంకనం ఈ మూడు గంటల్లోనే జరిగిపోతుంది. నన్నడిగితే మూడు గంటలు చాలా తక్కువ. అది కనీస పరిమితే కాబట్టి, సంస్థలు కొత్తవాళ్లను ఒక పూర్తి కోర్సు పొడుగునా వెనక సీట్లో కూర్చోబెట్టాలి.

అధికారం రెండు చోట్లే. టైప్ రేటింగ్‌తో (ఒక నిర్దిష్ట రకం విమానం నడిపే అర్హత) కలపని ఎంసీసీ కోర్సులో ప్రాక్టికల్ భాగం ఒకటి. ఎంపీఎల్ నాలుగు దశల్లో బేసిక్ దశ రెండోది, అదీ దానికున్న షరతులకు లోబడి. ఎంసీసీని టైప్ రేటింగ్‌తో కలిపితే మీరు పక్కకు తప్పుకోవాలి, అది టీఆర్ఐ లేదా ఎస్ఎఫ్ఐ పని. పైగా, ఏ ఎఫ్ఎన్‌పీటీ, ఎఫ్‌టీడీ లేదా ఎఫ్ఎఫ్ఎస్ (ఇవన్నీ సిమ్యులేటర్ రకాలే) మీద మీరు శిక్షణ పొందారో దానికే మీ అధికారం. వేరే రకం విమానాన్ని చూపే పరికరం మీద నేర్పాలంటే ప్రాక్టికల్ భాగం అక్కడ మళ్లీ పూర్తి చేయాలి. సంస్థ కొత్త సిమ్యులేటర్ కొని, పాత ఇన్‌స్ట్రక్టర్లనే సోమవారం నుంచి దాంట్లో కూర్చోబెడితే ఆ గంటలు చెల్లుతాయా అన్న ప్రశ్న వస్తుంది. ఇబ్బంది పడేది విద్యార్థి.

ఇప్పుడు అసలు సంగతి. నేర్పవలసింది విమానం నడపడం కాదు, ఇద్దరు కలిసి నడపడం. 1978 డిసెంబరులో పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ 173 ఇంధనం అయిపోయి కూలింది, పదిమంది చనిపోయారు. కెప్టెన్ దృష్టంతా ల్యాండింగ్ గేర్ మీదే ఉండిపోయింది. ఇంధనం తగ్గుతోందన్న మాట మిగతావాళ్ల నోట వచ్చింది గానీ, ఆయన్ను ఆపేంత గట్టిగా రాలేదు. మన విద్యార్థి నేర్చుకోవలసింది ఆ గట్టిదనం.

దాన్ని ఇన్‌స్ట్రక్టర్ తనకు తెలియకుండానే చెడగొడతాడు. సిమ్యులేటర్‌లో ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) గొంతు మనదే కదా. నాలుగువేల అడుగులకు దిగమన్నాం, పీఎఫ్ (విమానం నడిపే పైలట్) మూడువేలు పెట్టాడు, పీఎం (పక్కనుండి గమనించే పైలట్) చూడలేదు. మనసాగక “నాలుగువేలకేనా దిగుతున్నారు, కన్ఫర్మ్ చేయండి” అంటాం. అంతే, పీఎం పట్టుకోవలసిన తప్పు మనం పట్టేశాం, అభ్యాసం అక్కడే ముగిసింది. ఆ తప్పును నడవనివ్వాలి. నేలతో చిక్కు వచ్చేదాకా కాదు గానీ, ఇద్దరిలో ఒకరు గమనించడానికి సరిపడా సమయం ఇవ్వాలి. ఫ్రీజ్ బటన్ విషయమూ ఇంతే. రెండు నిమిషాలకోసారి ఆపితే సిబ్బంది ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి మీ వైపు తిరుగుతారు.

పైలట్ అశక్తత అభ్యాసం ఇంకో ఉదాహరణ. పీఎఫ్‌కు ముందుగా చెవిలో చెప్పి, అప్రోచ్‌లో నోరు మెదపకుండా ఉండమనాలి. తలవాల్చి పడిపోయినట్టు నటిస్తే గుర్తుపట్టే పనే ఉండదు. మెల్లగా జవాబులు ఆగిపోవాలి. ప్రామాణిక పిలుపులకు రెండుసార్లు జవాబు రాకపోతే పీఎం కంట్రోల్స్ తీసుకోవాలి. మొదటిసారి చాలామంది మూడోసారి, నాలుగోసారి కూడా పిలుస్తారు. సెషన్ తరవాత జరిగే డీబ్రీఫింగ్‌లో మాట్లాడుకోవలసింది ఆ జాప్యం గురించి.

వైఫల్యాలు ఒకదానిమీద ఒకటి పేర్చడం కూడా మానాలి. ఒక్క హైడ్రాలిక్ వైఫల్యం, కాస్త పాడైన వాతావరణం, మళ్లించే విమానాశ్రయం మీద ఒక నిర్ణయం చాలు. పని పంచుకునే తీరు దాంట్లోనే బయటపడుతుంది. విద్యార్థి చేతి నడక బలహీనంగా ఉంటే ఆటోపైలట్ పెట్టించండి. లోకలైజర్ (రన్‌వే దిశ చూపే రేడియో సంకేతం) మీద నిలబడటానికే బుర్రంతా ఖర్చయితే సహకారానికి మిగిలేది ఉండదు.

ప్రతి ఇన్‌స్ట్రక్టర్‌కూ తన పాత ఎయిర్‌లైన్ కాల్‌అవుట్‌లు (కాక్‌పిట్‌లో బిగ్గరగా పలికే ప్రామాణిక మాటలు) నాలుక చివర ఉంటాయి. ఐదు సెషన్లలో మూడు రకాల కాల్‌అవుట్‌లు వింటే విద్యార్థికి ఒక్కటీ స్థిరపడదు. శిక్షణ సంస్థ మాన్యువల్‌లో ఏముందో అదే, మీకు నచ్చకపోయినా. నాలుగు గంటల సెషన్‌లో సీట్లు, పాత్రలు సగంలో మార్చాలి. పీఎంగా గడిపిన రెండు గంటలను విశ్రాంతిగా చూడనివ్వకండి. డీబ్రీఫింగ్‌లో మొదటి ప్రశ్న పీఎంకే వేయండి: “ఆ క్షణంలో నీకేం కనపడింది, ఏమన్నావు?” ల్యాండింగ్ మెత్తగా అయిందని మంచి మార్కులిచ్చే అలవాటు ఉంటే వదులుకోండి, వెయ్యి అడుగుల దగ్గర అప్రోచ్ స్థిరంగా లేకపోయినా ఎవరూ గో-అరౌండ్ (దిగడం ఆపి మళ్లీ పైకి లేవడం) అనలేదంటే ఆ సెషన్ లక్ష్యం నెరవేరనట్టే.

చివరిగా గడువు సంగతి. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. పొడిగించాలంటే చివరి 12 నెలల్లో సంబంధిత పరికరం మీద ఆ మూడు గంటల పర్యవేక్షిత బోధన మళ్లీ చేయాలి. గడువు దాటిపోయిందా, దానితోపాటు సాంకేతిక శిక్షణ కూడా పూర్తిచేయాలి. ఇక ప్రశ్నలుంటే అడగండి.